రెండిళ్ళ రక్తం

మా నాయన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చెప్పుల్లేకుండా ఇసకలో నడిచేవాడు. మిగతా మగవాళ్ళు పడవ దిగగానే ఉస్సు ఉస్సుమంటూ సరుగుడు తోపు నీడకు పరుగెత్తేవాళ్ళు. మా నాయన మాత్రం వల భుజాన వేసుకొని, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నింపాదిగా వచ్చేవాడు. “ఆయనవి కాళ్ళు కాదురా, ఎద్దు గిట్టలు” అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. నాయనా నవ్వేవాడు. నేను బడిలో ఆ సంగతి గొప్పగా చెప్పుకొనేదాన్ని, మా నాయనకు ఇసక కాలదని.

అది బలం కాదని, ఆ కాళ్ళలో నరాలు మెల్లమెల్లగా చచ్చిపోతున్నాయని మాకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పినా నమ్మేవాళ్ళం కాదేమో. నొప్పి ఉంటేనే రోగం అనుకొనే పాలెం మాది. జ్వరమొచ్చి మూలిగితే, కడుపు పట్టుకొని మెలికలు తిరిగితే ఆస్పత్రికి మోసుకుపోతారు. కడుపునిండా తిని, వేటకు పోయి, నవ్వుతూ తిరిగే మనిషికి ఏం రోగం?

మా పాలెం కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రపొడ్డున ఉంటుంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు రేవు ఇంత పెద్దది కాదు, థర్మల్ పొగగొట్టాలు లేవు. ఇంట్లో నాయన, అమ్మ, అన్న, నేను, నాయనను కన్న అవ్వ. అవ్వకు చూపు సన్నగిల్లింది. మొదట సూదిలో దారం ఎక్కలేదు, తరవాత మనిషి ఎవరో తెలియలేదు, ఆ తరవాత వాకిలి ఏదో తెలియలేదు. ముసలితనం అన్నారు. పెరట్లో ఆమె కూర్చొని లేచిన చోట చీమలు బారులు కట్టేవి. అమ్మ ఆ చీమల మీద నీళ్ళు కొడుతూ గొణుక్కొనేది. అవ్వ మాత్రం “నా వొంట్లో బెల్లప్పొయ్యి పెట్టినాడే దేవుడు” అని బోసినోటితో నవ్వేది. ఆమె చెయ్యి పట్టుకొని నడిపించే పని నాది. ఒకరోజు నా ముఖమంతా వేళ్ళతో తడిమి, “నువ్వు మీ నాయన పోలికే, ముక్కు చూడు” అంది. అదే ఏడు వానల్లో పోయింది. దేనితో పోయిందో ఎవరూ అడగలేదు.

నాయన సంగతి బయటపడింది నేను తొమ్మిదో తరగతిలో ఉండగా. ఆ సాయంత్రం అమ్మ ఇల్లు తుడిచి అలసిపోయి కూర్చుంది. నాయన వచ్చి, లోపలికి పోయి, కుండలో నీళ్ళు ముంచుకొని తాగి, మళ్ళీ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ నేలవైపు చూసి కెవ్వుమంది. గడప దగ్గర నుంచి నీళ్ళకుండ దాకా ఎర్రటి ముద్రలు.

“ఎవురిదీ నెత్తురు?”

అందరం ఎవరి కాళ్ళు వాళ్ళం చూసుకొన్నాము. చివరికి నాయన కాలెత్తి చూసుకొన్నాడు. అరికాలి మధ్యలో పడవ చెక్కలోని తుప్పు మేకు తలకాయ దాకా దిగి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పీకి, ఎగాదిగా చూసి, “ఇదెప్పుడు దిగిందబ్బా?” అన్నాడు. ఆయన గొంతులో భయం లేదు, వింత మాత్రమే ఉంది. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

పసుపు పెట్టారు, ఆకు పసరు పిండారు. పుండు మానలేదు. అది పాకి ఒక వేలు నల్లబడింది. వాసన మొదలయ్యాక నెల్లూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయారు. ‘షుగర్’ అన్న మాట మా ఇంట్లోకి అప్పుడే వచ్చింది. ముందు వేలు తీశారు. అది చాలక మోకాలి కింద దాకా తీసేశారు. ఆపరేషన్ అయ్యాక నాయన నర్సమ్మను ఒకటే అడిగాడు.

“నా కాలు నాకిస్తారామ్మా? మా ఒడ్డున పూడ్చుకుంటా.”

“అట్టాంటివి ఇయ్యరు పెద్దాయనా” అంది ఆమె. నాయన గోడవైపు తిరిగి పడుకొన్నాడు. మా నాయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఇంటికొచ్చాక మరో నరకం మొదలైంది. ఉన్నన్నాళ్ళూ మేకు దిగినా తెలియని ఆ కాలు, పోయిన తరవాత మండటం మొదలుపెట్టింది. “కాలు కాలతా ఉండాదే, ఇసకలో పెట్టినట్టుండాది” అని అరిచేవాడు. లేని కాలు ఎట్లా కాలుతుంది? డాక్టర్లు అట్లాగే ఉంటుందని చెప్పారట. అమ్మకు ఏం చేయాలో తోచలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి, చాప మీద ఆ కాలు ఉండాల్సిన చోట మెల్లగా చల్లేది. ఉత్త చాప తడిసేది. నాయన కళ్ళు మూసుకొని “ఆఁ, ఇప్పుడు కొంచెం నయం” అనేవాడు. నిజంగా నయమయ్యేదో, అమ్మ కోసం అనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు నాయన పోయాడు. అమ్మ ఏడ్చి ఏడ్చి, ఆఖరికి అవ్వ పటం వైపు చెయ్యి చూపించి అంది. “ఇదే, ఈమె కొడుక్కిచ్చి పోయిన ఆస్తి.”

ఆ మాట అమ్మ నోట్లో అట్లా నిలిచిపోయింది. ఎవరు పలకరించడానికొచ్చినా, “ఆ ఇంటి రోగం అది. మా పుట్టింట్లో ఎవురికీ లేదు” అనేది. మా మేనత్తకు ఆ మాట తగిలి, మా గడప తొక్కడం మానేసింది. అమ్మకు అది పట్టలేదు. మగడిని పోగొట్టుకున్న మనిషికి నిందించడానికి ఎవరో ఒకరు కావాలి. చచ్చిపోయిన అత్త ఎదురు చెప్పదు కదా.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు. సముద్రం మీదికి పోయింది తక్కువ. రేవు పెరిగింది, కంపెనీలు వచ్చాయి, అన్న డ్రైవింగ్ నేర్చుకొని కంపెనీ బస్సు నడిపే పనిలో చేరాడు. పొద్దున్నే పనివాళ్ళను ఊళ్ళ నుంచి ఎక్కించుకోవడం, షిఫ్టు అయ్యాక దించడం. ఖాకీ చొక్కా ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. నాకు నెల్లూరు సంబంధం చేసింది అన్నే, నేను బడిలో పంతులమ్మనయ్యేదాకా చదివించింది అన్నే. అమ్మ అన్న దగ్గరే ఉండేది. అన్నకు ఒక్కతే కూతురు.

నేను అప్పుడప్పుడు ఫోన్లో, “నాయనకు ఉండింది గదా అన్నా, ఒకసారి పరీక్ష చేయించుకో” అనేదాన్ని. నవ్వేవాడు.

“నాకెందుకొస్తాది పాపా? నాది అమ్మ పోలిక. ముక్కు చూడు, మూతి చూడు. నాయన పోలిక నీదే. నువ్వే చేయించుకో ముందు.”

నిజమే, అన్నకు అచ్చం అమ్మ ముఖమే. ఒక మనిషి లోపల ఎవరి నుంచి ఏం వచ్చిందో ముక్కును బట్టి చెప్పవచ్చని మేమంతా నమ్మేవాళ్ళం. అమ్మ కూడా గర్వంగా “వాడు మా ఇంటి బిడ్డ” అనేది.

ఒక ఆదివారం అన్న మోటర్‌సైకిల్ మీద మా ఇంటికి చేపలు తెచ్చాడు. దిగమంటే దిగలేదు, పనుందన్నాడు. సంచీ నా చేతికిచ్చి, బండి మీదనే కూర్చొని కూతురి కాలేజీ సంగతులు చెప్పుకొస్తున్నాడు. అంతలో ఏదో మాడిన వాసన వచ్చింది. పొయ్యి మీద పులుసు పెట్టి వచ్చానేమోనని లోపలికి పరుగెత్తాను. పొయ్యి కట్టేసి ఉంది. తిరిగి వచ్చేసరికి వాసన ఇంకా ఎక్కువైంది. కిందికి చూశాను. అన్న కాలి చెప్పు జారిపోయి ఉంది. మడమ పక్క భాగం వేడి సైలెన్సర్‌కు ఆనుకొని ఉంది. అతుక్కొని ఉంది అనాలి.

“అన్నా, కాలు! కాలు తియ్యి!”

అన్న మాట ఆపి, ఏమిటన్నట్టు నా వైపు చూశాడు. తరవాత కిందికి చూశాడు. ఎవరి కాలో చూసినట్టు చూశాడు. లాగితే చర్మం అక్కడే ఉండిపోయింది. ఆ క్షణంలో అన్న ముఖంలో వచ్చిన మార్పు నేను చచ్చేదాకా మరచిపోలేను. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి, చప్పున చిన్నపిల్లవాడైపోయాడు.

“నాకు తెలీలేదు పాపా” అన్నాడు.

మా ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. ఇద్దరం నాయన పేరు ఎత్తలేదు.

అటు నుంచి అటే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తం చూశారు. అన్నకు షుగర్ కొత్తగా రాలేదని, చాలా ఏళ్ళుగా లోపల ఉండి ఉంటుందని చెప్పారు. డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందరపడకుండా మాట్లాడుతుంది. అన్న కళ్ళు మూయించి, ఒక సన్నటి దారం లాంటి దాంతో అరికాళ్ళను అక్కడక్కడా తాకుతూ, “తగిలినప్పుడు చెప్పండి” అంది. ఆమె తాకుతూనే ఉంది. అన్న చెప్పడానికి ఎదురుచూస్తూనే ఉన్నాడు. కళ్ళు మూసుకొని, నోరు కొంచెం తెరిచి, బడిలో జవాబు రాని పిల్లవాడి మాదిరి. నేను చూడలేక కిటికీవైపు తిరిగాను.

అంతా విన్నాక అన్న అడిగాడు. “మా నాయనకు కాలు తీసేసినారు మేడం. మా అవ్వకు చూపు పోయింది. అంటే ఇది మా వంశంలో ఉండేదే గదా. నాకూ అంతేనా?”

“వంశంలో ఉంది, నిజమే. కానీ తల్లిదండ్రుల నుంచి మీకు వచ్చింది రోగం కాదు. రోగానికి తొందరగా లొంగే ఒళ్ళు. అది ఒకటే గుణం కూడా కాదు, చిన్నవి చిన్నవి చాలా కలిసి వస్తాయి. అందరికీ అన్నీ రావు. వచ్చినవాళ్ళకు కూడా తిండి, నడక, బరువు, మందు వీటితో చాలావరకు ఆపుకోవచ్చు. మీ నాయనకు తెలిసేసరికి ఆలస్యమైంది. మీకు ఇంకా టైముంది.”

“పోలికలు లేకపోయినా వస్తాదా మేడం?”

ఆమె నవ్వలేదు. “ముఖానికీ దీనికీ సంబంధం లేదయ్యా” అంది.

అన్న తల ఊపాడు. కానీ ఆ రోజు దాకా ‘నాకు రాదు’ అనుకొన్న మనిషి, ఆ గది బయటికి వచ్చేసరికి ‘ఇంక తప్పదు’ అనుకొనే మనిషిగా మారిపోయాడు. మధ్యలో ఉన్న మాట, డాక్టరమ్మ అంత ఓపికగా చెప్పిన మాట, ఆయన చెవిలో నిలవలేదు.

కొన్నాళ్ళు మాత్రలు వేసుకొన్నాడు. కాలిన పుండు వారం వారం కట్టు కట్టించుకొంటే మెల్లగా మానింది. అమ్మ పొద్దున సంగటి, మధ్యాహ్నం కొలిచినట్టు ఇంత అన్నం పెట్టేది. సాయంత్రం వదిన వెంటపడి ఒడ్డున నడిపించేది. పుండు మానాక అన్న మెల్లగా వెనక్కి జారాడు. డ్యూటీలో టైముకు తినకుండా మాత్ర వేసుకొని, ఒకసారి బస్సులో చేతులు వణికాయట. అప్పటి నుంచి భయం పట్టుకొంది. డ్రైవరుకు షుగర్ ఉందని తెలిస్తే కంపెనీలో స్టీరింగ్ మీద కూర్చోనివ్వరేమోనని. తెలిసినవాళ్ళు చూస్తారని ఆస్పత్రికి పోవడం మానేశాడు. తరవాత మాత్రలు మానేశాడు. నేను ఫోన్ చేసి పోరితే, విసుక్కోలేదు, అరవలేదు. అది ఇంకా బాధ.

“మందులు తిన్న నాయన కాలు నిలిచిందా పాపా? రాత అది. బండి నడిచినన్నాళ్ళు నడవనియ్యి.”

“నాయన మందులు తిన్నది కాలు చెడినాక, అన్నా. నీకట్ట కాదని మేడం చెప్పింది గదా.”

“చెప్పింది. ఆమె మంచిది. నువ్వూ మంచిదానివే” అని నవ్వి, కూతురికి ఫోన్ ఇచ్చేశాడు.

ఆ తరవాత రెండేళ్ళకు, ఒక పనిదినం పొద్దున, నేను బడికి బయలుదేరుతుండగా అమ్మ ఫోన్ చేసింది.

“మీ అన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చినాడే. వొళ్ళంతా చెమట. చొక్కా పిండితే నీళ్ళు కారతుండాయి.”

“నొప్పేమన్నా ఉండాదా? రొమ్ములో, చేతిలో?”

అమ్మ అటు తిరిగి అడగటం వినపడింది. అన్న గొంతు నీరసంగా వినపడింది. “నొప్పేం ల్యా. పొట్ట ఉబ్బరం. జీలకర్ర నీళ్ళియ్యమను.”

“అమ్మా, నీళ్ళు వద్దు, ఏం వద్దు. వెంటనే ఆటో ఎక్కించు. నేను ఆస్పత్రి కాడ ఉంటా.”

“నొప్పి లేదంటుండాడే...”

“లేకపోయినా ఎక్కించమ్మా!”

ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. ఆ గేటులోకి ఎన్నో ఆటోలు వస్తాయి, ప్రతి ఆటోలో ఎవరో ఒకరు ఎవరినో పట్టుకొని కూర్చొని ఉంటారు. మా ఆటో వచ్చింది. వదిన ఒకవైపు, అమ్మ ఒకవైపు. అన్న తల అమ్మ ఒళ్ళో ఉంది. స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకొని చూసి, ఒకరినొకరు చూసుకొన్నారు. ముత్తుకూరు దాటినాక కళ్ళు తేలేశాడని వదిన చెప్పింది. లోపలికి తీసుకుపోయారు, చేయాల్సింది చేశారు, బయటికి వచ్చి లేదన్నారు.

అమ్మ ఏడవలేదు. గేటు పక్కన సిమెంటు దిమ్మె మీద కూర్చొని, వచ్చినవాళ్ళందరికీ, రానివాళ్ళకు కూడా చెబుతూనే ఉంది. “నొప్పి లేదన్నాడే. అడిగినా. నొప్పి లేదన్నాడే నా బిడ్డ.”

చాలా ఏళ్ళు షుగర్ అదుపు తప్పి ఉన్నవాళ్ళకు గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చని తరవాత డాక్టరమ్మ చెప్పింది. అన్న చివరి గంటలో అబద్ధం చెప్పలేదు. నిజంగానే తెలియలేదు. అది నాకు ఊరటో, ఇంకో దెబ్బో నేను తేల్చుకోలేదు.

అన్న కర్మ అయిపోయింది. అమ్మ అప్పటికే తిండి తగ్గించేసింది. మనిషి సగమైంది. దిగులు అనుకొన్నాము. దాహం దాహం అంటూ చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతుంటే, నాకు లోపల ఏదో తట్టి, నెల్లూరు తీసుకొచ్చి పరీక్ష చేయించాను. డాక్టరమ్మ కాగితం చూసి, అమ్మను చూసి, నన్ను చూసింది.

“అమ్మకు కూడా ఉంది.”

అమ్మకు అర్థం కాలేదు. “ఏముండాది?”

“షుగర్, పెద్దమ్మా. ఇప్పటిది కాదు. ఎన్నో ఏళ్ళుగా కొంచెం కొంచెంగా ఉండి ఉంటుంది. మీరు కష్టపడే మనిషి, సన్నగా ఉన్నారు, అందుకే పైకి తెలియలేదు.”

“నాకెందుకుంటాదమ్మా? అది వాళ్ళ ఇంటిది. నాది వేరే ఇల్లు. మా పుట్టింట్లో ఎవురికీ లేదు.”

“మీ అమ్మ ఎట్లా పోయింది?”

“నా తమ్ముణ్ణి కని, ఆ పురిట్లోనే.”

“అన్నదమ్ములు?”

“ముగ్గురూ సముద్రంలోనే. ఇద్దరు ఒక తుపానులో. ఆఖరోడు తరవాత. పెళ్ళి కూడా కాలేదు వాడికి.”

“మీ నాయన?”

“మా నాయన కొంచెం పెద్దవాడయ్యే పోయినాడు. ఒకరోజు కూచున్నోడు కూచున్నట్టే వాలిపోయినాడు. పుణ్యాత్ముడు, ఒక్కరోజు మంచాన పడలేదు, అమ్మా నాయనా అనలేదు.”

ఆ మాట అంటూనే అమ్మ ఆగిపోయింది. నొప్పి లేకుండా వాలిపోయిన మనిషిని మొన్ననే కదా తను ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది. తరవాత మెల్లగా, “మీ నాయనకు ఏముండిందో మనం చెప్పలేము పెద్దమ్మా. మిగతావాళ్ళకు ఇది బయటపడే వయసే రాలేదు గదా. లేదని ఎట్లా చెబుతాము?” అంది.

‘మా పుట్టింట్లో ఎవరికీ లేదు’ అని అమ్మ అంతకాలం గర్వంగా చెప్పుకొన్న మాటకు అర్థం అది. తాత తప్ప ఎవరూ అంతకాలం బతకలేదు. సముద్రం తీసుకుపోయింది, పురుడు తీసుకుపోయింది. రోగం వంతు వచ్చేదాకా వాళ్ళు ఆగలేదు.

మెట్లు దిగుతూ అమ్మ కూలబడిపోయింది. జనం పక్క నుంచి ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నేను పక్కన కూర్చొన్నాను.

“అయితే నేనూ ఇచ్చినానా?” అంది.

“అమ్మా...”

“మీ నాయన ఒక్కడే ఇయ్యలా. నేనూ ఇచ్చినా. రెండు చేతులా ఇచ్చినాము. మా అత్తను ఎంత తిట్టినానే. కళ్ళు లేని ముసలిదాన్ని, చచ్చిపోయినదాన్ని కూడా తిట్టినా. ఆమె కూడా బిడ్డకు తెలిసి ఇచ్చిందా?”

“నువ్వు తెలిసి ఇచ్చినావా? నీ ముఖం ఇచ్చినావు, నీ నవ్వు ఇచ్చినావు. దాంతోబాటు అదీ పోయింది. ఎవురి చేతిలో ఉండాదమ్మా?”

అమ్మ తల అడ్డంగా ఊపింది. “నా ఇంటి బిడ్డ, నా ఇంటి బిడ్డ అని ఊరంతా చెప్పుకున్నా. చూడు, నిజంగానే మా ఇంటోడే అయినాడు.”

అప్పుడు ఏడ్చింది. అన్న పోయిన రోజు ఏడవనిదంతా ఆ మెట్ల మీద ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు పక్కకు తప్పుకొని నడిచారు. ఆస్పత్రి మెట్ల మీద ఏడ్చేవాళ్ళను ఎవరూ ఎందుకని అడగరు.

మాత్రలు రాసిచ్చారు. అమ్మ వేసుకోలేదు. వదిన చెప్పింది, నేను చెప్పాను, ఎవరి మాటా వినలేదు. “నా బిడ్డను కాపాడని మందు నాకెందుకు” అనేది. బిడ్డ ఆ మందు వేసుకోలేదు కదమ్మా అని అనడానికి మాకు నోరు రాలేదు. ఆ మాట అన్నది అన్న కూతురు. నెల్లూరులో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది అప్పుడు. తండ్రి పోయిన తరవాత ఆ పిల్ల మాటలు తగ్గించేసింది. సెలవులకు నేనూ తనతో పాలెం పోయాను. అమ్మ అన్నం ముందు కూర్చొని, మాత్ర పక్కకు జరిపింది. పిల్ల అది చూసి లేచి నిలబడింది.

“మా నాయన కూడా ఇట్టనే జరిపినాడవ్వా. నేను చూస్తానే ఉన్నా. రాత అన్నాడు. నువ్వు కూడా రాత అంటావా?”

“నాకేం మిగిలిందిలే తల్లీ” అంది అమ్మ.

“నేను మిగిలినా గదా!” పిల్ల అరిచింది. “నీదీ, తాతదీ, మా నాయనదీ అంతా నా ఒంట్లోనే ఉండాది. రేపు నాకూ వస్తే నేనేం చెయ్యాల? ఒక్కరన్నా దీంతో బతికి చూపించినారా మన ఇంట్లో? ఎవుర్ని చూసి నేర్చుకోవాల నేను?”

వదిన పిల్ల నోరు ముయ్యబోయింది. అమ్మ వద్దని చెయ్యెత్తింది. తరవాత ఆ మాత్ర తీసుకొని నోట్లో వేసుకొని, నీళ్ళు తాగి, నాలుగు ముద్దలు తింది. పిల్ల ఏడుస్తూ పెరట్లోకి పోయింది. ఆ రోజు నుంచి అమ్మ మాత్ర మానలేదు. బతకాలని కాదు. చూపించాలని.

ఆ ఏడే నేనూ పరీక్ష చేయించుకొన్నాను. నాది ఇంకా గీత మీద ఉంది, దాటలేదు, దాటకుండా చూసుకోండి అన్నారు. డాక్టరమ్మ అన్నకు చెప్పిన మాటలే నాకూ చెప్పింది. ఈసారి మధ్యలో మాట నాకు వినపడింది. రావచ్చు, రాకపోవచ్చు. నా చేతిలో కొంత ఉంది, నా చేతిలో లేనిది కొంత ఉంది. ఇంత చిన్న మాట అర్థం కావడానికి మా ఇంట్లో ఇంతమంది పోవాల్సి వచ్చింది.

అమ్మకు చెప్పాలా వద్దా అని చాలా తటపటాయించి, చివరికి చెప్పాను. అమ్మ దగ్గరకు జరిగింది. “కాళ్ళు చాపు” అంది. చాపాను. నా పాదం ఒళ్ళో పెట్టుకొని, బొటనవేలి కింద గోటితో మెల్లగా గీరింది.

“తెలుస్తుండాదా?”

“తెలుస్తుండాదమ్మా.”

“ఈడ?”

“తెలుస్తుండాది.”

“నిజం చెప్పు.”

“నిజమమ్మా. చక్కిలిగింత పెడుతుండాది.”

అయినా ఆపలేదు. రెండు పాదాలూ, వేలు వేలూ చూసి గానీ వదలలేదు. ఇప్పటికీ నేను పోయినప్పుడల్లా అంతే.

పోయిన నెల అన్న తద్దినం. అన్నకు బెల్లం పరమాన్నం అంటే ప్రాణం. మధ్యలో మందులు తిన్న కొన్నాళ్ళు ఇంట్లో అది వండటమే మానేశారు. వండితే తింటాడని. ఆ రోజు వదిన పరమాన్నం చేసింది. ఆకులో అన్నీ వడ్డించి, గిన్నె పట్టుకొని పటం ముందు నిలబడిపోయింది. పెట్టాలా వద్దా అన్నట్టు అమ్మ వైపు చూసింది. అప్పట్లో వద్దు వద్దని ఆపిన చేతులవి, ముందుకు రాలేదు.

అమ్మ గిన్నె అందుకొంది.

“పెట్టు తల్లీ. నిండా పెట్టు. ఇంక వాడినేం చేస్తాది.”

తనే గరిటెతో వడ్డించింది. నెయ్యి వేసింది. ఆకు అంచు దాటి కారుతుంటే, వేలితో లోపలికి నెట్టింది.